సంతలో చాప వేసిన బైబిలమ్మ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా కొత్త పాస్టరయ్యగారు సంఘాన్నంతా కూర్చోబెట్టి, మన సంఘం ఈ ఊరికి ఏం పరిచర్య చేస్తే బాగుంటుందో చెప్పమన్నారు. కుర్రవాడు, మంచివాడు. గోడకు పెద్ద కాగితం అంటించి, గళ్లు గీసి, బాణాలు వేసి, ఒక్కొక్కరి మాట ఒక్కో గడిలో రాస్తున్నారు. జనం అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరి మాట ఏ గడిలోకి పోవాలో తెలియక ఆయన చెమటలు కక్కుతున్నారు. నాకు ఎక్కడి నుంచో వేయించిన చింతగింజల వాసన వచ్చింది. అక్కడెవరూ ఏమీ వేయించడం లేదు, నా ముక్కుకే వచ్చింది. అంతే, నవ్వు పట్టుకుంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నా మనవరాలు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయి నీళ్లు తాగించింది. ముసలిదానికి మతి చలించిందని లోపల అనుకునే ఉంటారు. ఆ వాసన వెనకున్న మనిషి సంగతి తెలిస్తే వాళ్లూ ఒక్కొక్కరే బయటికొచ్చి నీళ్లు తాగాల్సి వచ్చేది.

ఆ మనిషిని మేం బైబిలమ్మ అనేవాళ్లం. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పడానికి మిషను వాళ్లు పెట్టుకునే ఆడమనిషిని ఆ రోజుల్లో బైబిలు స్త్రీ అనేవారు. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగినా నవ్వేసేదేమో. ఆమె నవ్వు ఎలాంటిదంటే, ముందు నవ్వేసి తర్వాత మాట చెప్పేది. మాట వినేలోపే మనం నవ్వి ఉంటాం కాబట్టి ఆ మాటలో నవ్వొచ్చేది ఏమీ లేకపోయినా ఎవరికీ పట్టేది కాదు.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజులవి. రాజావారు జగదల్‌పూర్‌లో ఉండేవారు, మేం ఆ రాజ్యం కొసన భోపాల్‌పట్నంలో ఉండేవాళ్లం. నేను గోదావరి దాటి కొత్తకోడలిగా వచ్చాను. మా ఆయన కలప నావల మీద పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది నేనూ మా మామగారూ. ఆయన కలప తనిఖీ చేసే అడవిశాఖ నాకాలో జవానుగా చేసి దిగిపోయిన మనిషి, మా చిన్న సంఘానికి పెద్ద. మాట మొదలుపెడితే మోషే దగ్గర ఎత్తుకుని మద్దేడ్ దారి మీది గుంతల దాకా వచ్చేవాడు. కోడలు నోరెత్తే సందు ఆ ఇంట్లో లేదు. అలాంటి చోటికి ఒక ఎండపూట ఈ బైబిలమ్మ నల్ల గొడుగు తిరగేసి పట్టుకుని వచ్చింది. గొడుగు నిండా దారిలో ఏరుకున్న ఇప్పపువ్వు. నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది, గొడుగేమో గంప అయింది. నన్ను చూసి ముందు నవ్వి, తర్వాత అంది: "నెత్తి ఎట్లన్న చల్లవడ్తది పిల్లా. పువ్వు రాలేది ఇప్పుడే గదా." వచ్చి నెలలు గడిచినా నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

ఆమె ప్రార్థన కళ్లు తెరుచుకుని చేసేది. మా మామగారికి అది గిట్టేది కాదు. ఒకసారి అడిగేశాడు కూడా. కళ్లు మూసుకుంటే ఎవరి కోసం అడుగుతున్ననో ఎట్ల కనవడ్తది అని ఆమె తిరిగి అడిగింది. ఆమె ప్రార్థిస్తుంటే మేం కళ్లు మూసుకున్నా, ఆమె మా వైపే చూస్తోందని తెలిసి ఒళ్లంతా సర్దుకునేవాళ్లం. తెలుగు, దోర్లీ, హల్బీ, గోండీ నాలుగూ కలిపి మాట్లాడేది. ఏ భాషవాళ్లకు ఆ భాష కొంచెం తప్పుగా వినిపించేది గానీ అర్థం కాకపోవడం అనేది ఉండేది కాదు.

ఆమెను మా దగ్గరికి పంపడానికి ఒక కారణం ఉంది. మిషను తరఫున మా వైపు సంఘాలన్నిటి మీదా అధికారం ఉన్న పెద్దయ్యగారు జగదల్‌పూర్‌లో ఉండేవారు. ఊరికి ఏ పనీ చేయని సంఘానికి పనివాళ్లను ఇచ్చి లాభం లేదని ఆయన హుకుం. వానలు పడి దారులు మూసుకుపోయేలోగా తానే స్వయంగా వచ్చి చూస్తారట. అప్పటికి ఆమె సాయంతో సంఘం ఏదో ఒక పరిచర్య మొదలుపెట్టి ఉండాలి. లేకపోతే బైబిలమ్మను వెనక్కి పిలిపించి, మట్టిగోడల మా ప్రార్థన మందిరానికి తాళం వేయిస్తారు. తాళం సంగతి సంఘపెద్దల బాధ. నాకైతే ఉన్న బాధ ఒక్కటే. ఆమె పోతే ఆ ఊళ్లో నేను ఎవరితో నవ్వాలి.

వచ్చిన వారంలోనే ఆమె సంఘాన్ని కూర్చోబెట్టింది. ఒళ్లోని మూట విప్పి, వేయించిన చింతగింజలు తలా ఒకటి చేతిలో పెట్టింది. బుగ్గన పెట్టుకోమంది. గింజ నాని పంటికి దిగేదాకా ఎవరూ మాట్లాడకూడదు, పక్కవాళ్ల ముఖాలు చూస్తూ ఆలోచించుకోవాలి. ఇదేం కట్టుబాటో మాకు తెలియలేదు గానీ గింజ కమ్మగా ఉంది. చింతగింజ నానడమంటే మాటలు కాదు. అందరం బుగ్గలు ఉబ్బించుకుని, పశువుల్లాగా దవడలు ఆడిస్తూ ఒకరినొకరు చూసుకుంటున్నాం. నవ్వితే గింజ బయట పడుతుంది. మా మామగారు కాసేపు కదిలాడు, మెదిలాడు, గుటుక్కున మింగేసి లేచి నిలబడ్డాడు. నోట్లో నువ్వుగింజ నానదని ఒక సామెత ఉంది. మా మామగారి దగ్గర అది చింతగింజ దాకా పోయింది.

సంఘానికి గంట కావాలన్నాడు ఆయన. ఇత్తడి గంట. మోగిస్తే మద్దేడ్ దాకా వినబడాలి. తర్వాత గింజలు నానినవాళ్లు ఒక్కొక్కరే నోరు విప్పారు. ఒకరు బడి పెడదామన్నారు, ఒకరు పాటల గుంపు కడదామన్నారు, ఒకరు ఊరి పిల్లలందరికీ సబ్బుతో స్నానాలు చేయిద్దామన్నారు. బైబిలమ్మ అన్నీ విని తలూపింది.

"అడగంది అమ్మైనా పెట్టదంటరు. మనమేందో ఎవలూ అడగకముందే పెడ్తమంటున్నం. ఊరికేం గావాల్నో ఊరిని అడిగిండ్రా?"

అడగలేదు. సరే, అడుగుదామని ఇంటింటికీ బయల్దేరాం. అడగడం కూడా ఒక విద్య అని అప్పుడు తెలిసింది. ఒక షావుకారు గోదావరి మీద వంతెన వేయించమన్నాడు. ఒక అవ్వ మనవరాలికి ఎర్రటి పెళ్లికొడుకుని చూసిపెట్టమంది. తాగి ఉన్న ఒకాయన ఏమీ అక్కర్లేదు, కాసేపు కూర్చోండి చాలన్నాడు. మా మామగారు మాత్రం ఏ ఇంట్లోనూ ప్రశ్న దాకా రాలేదు. ఉపోద్ఘాతంలో ఉండగానే ఇంటివాళ్లు పశువులకు నీళ్లు పెట్టాలని లేచిపోయేవాళ్లు. సాయంత్రం అందరం నీరసపడి తిరిగొస్తుంటే, తాగినాయన ఒక్కడే బుద్ధిగా చెప్పిండని బైబిలమ్మ అంది. పోయి ఊరికే కూర్చుందాం అంది.

ఎక్కడ కూర్చోవాలి అంటే, సంతలో. ఎలా అంటే, ఖాళీ చేతులతో. పుస్తకాలు తేకూడదు, వాక్యం చెప్పకూడదు, ఏమీ అమ్మకూడదు, కొనకూడదు. చాపలు వేసుకుని కూర్చోవడం, వచ్చేపోయేవాళ్లను చూడటం, పలకరిస్తే పలకడం.

భోపాల్‌పట్నం సంతంటే ఆ రోజుల్లో అడవి అంతా దిగొచ్చినట్టుండేది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, కరక్కాయలు గంపల్లో వచ్చేవి, ఉప్పూ పొగాకూ ఎండుచేపలూ పూసలూ అయి తిరిగిపోయేవి. అంత సందడి మధ్య ఒక మద్దిచెట్టు కింద మేం చాపలు పరుచుకుని, ఇస్త్రీ బట్టలతో, ఏమీ లేకుండా కూర్చున్నాం. జనం ముందు మా చుట్టూ తిరిగారు. ఏం అమ్ముతున్నారని అడిగారు. ఏమీ లేదన్నాం. ఉప్పు దాచిపెట్టి ధర పెరిగాక తీస్తారని కొందరికి అనుమానం వచ్చింది. ఒకాయన చాప కొస ఎత్తి కింద చూసి కూడా పోయాడు. మా మామగారు తల వంచుకుని కూర్చున్నాడు. నాకాలో పనిచేసిన మనిషికి ఇంతకన్నా పరువు తక్కువ ఉండదు.

అప్పుడొచ్చింది దోర్ల తెగ ఆవిడ ఒకామె. నెత్తిన చింతపండు గంప, చంకన పిల్ల, ఇంకో చేతిలో కాళ్లు కట్టిన కోడి. ఉప్పు కొట్టు దగ్గర తూకం చూడాలంటే వంగాలి, వంగితే గంప జారుతుంది, గంప పట్టుకుంటే పిల్ల జారుతుంది. చుట్టూ చూసింది. సంత మొత్తం మీద రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్లం మేమే. వచ్చి పిల్లను నా ఒళ్లో పెట్టింది, కోడిని మా మామగారి పక్కన పెట్టింది, వెళ్లిపోయింది.

ఆమె గంప దించి, తూకం మీద రెండు చేతులూ పెట్టి షావుకారుతో పోట్లాడుతుంటే మిగతా ఆడవాళ్లు చూశారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి మా చాపల మీద పిల్లలు, గంపలు, సొరబుర్రలు, కోళ్లు, ఒక మేక. మేక తాడు మా మామగారి చేతికిచ్చారు. ఆయన ఒళ్లో పడుకోబెట్టిన పిల్లవాడు ఆయన ఇస్త్రీ ధోవతి మీద తన పని తను చేసుకున్నాడు. ఆయన కదల్లేడు, కదిలితే వాడు లేస్తాడు. బైబిలమ్మ చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక చేత్తో ఎవరి పిల్లనో పట్టుకుని నవ్వింది. ఆ రోజు నాకు ఇల్లు గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం చింతగింజల సభ వాడిగా జరిగింది. మా మామగారు గింజ అందుకోవడం ఆలస్యం, మింగేశాడు. ప్రభువు సంఘమంటే గంపలకు కావలి ఉండుడా, పెద్దయ్యగారొస్తే ఏం చూపిద్దాం, మేకనా అని అడిగాడు. సగం మంది ఆయన వైపే. బైబిలమ్మ తన గింజ నానేదాకా ఆగి, నిదానంగా చెప్పింది.

"ఊరిని అడుగుదామన్నం. అడిగినం. ఊరు జవాబు తెచ్చి మన ఒళ్లె పెట్టింది. అది తడిపిందని కిందవెడ్తమా పెద్దాయనా?"

కింద పెట్టలేదు. కానీ రెండో సంతకు గొడవ ముదిరింది. పిల్లలు ఇరవైకి పైన తేలారు, అన్నీ ఒకే రకం పూసలు, ఒకే రకం ముక్కులు. ఒకావిడ తన గంప తీసుకుని పక్కావిడ పిల్లను ఎత్తుకుపోయింది. సంత దాటాక చూసుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు గానీ, మాకు తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు మా మామగారిలోని నాకా జవాను మేలుకున్నాడు. టేకు దుంగ ఎవరిదో తెలియడానికి నాకాలో ఏం చేస్తారు? ముద్ర వేస్తారు. మూడో సంతకు ఆయన బొగ్గు నూరి, నూనెలో కలిపి, చిప్పలో పెట్టుకుని దొరలాగా కూర్చున్నాడు. గంపకు ఒక చుక్క పెడితే పిల్లకూ ఒక చుక్క. గంపకు రెండు చుక్కలైతే పిల్లకూ రెండు. పిల్ల మొహం పాడవకూడదని అరికాల్లో పెట్టాడు.

అరికాల్లో నల్లచుక్క. ప్రపంచంలో ఏ అమ్మమ్మనడిగినా అదేమిటో చెబుతుంది. దిష్టిచుక్కల మీద నెలకోసారి ప్రసంగం చేసి, అది అవిశ్వాసమని బల్ల గుద్దే మా మామగారికి మాత్రం ఆ క్షణంలో తట్టలేదు. ఆయన కంటికి పిల్లలందరూ టేకు దుంగలే. సాయంత్రం తల్లులు పిల్లల అరికాళ్లు చూసుకుని మురిసిపోయారు. ఒక పిల్ల ఆ రాత్రి ఏడవకుండా నిద్రపోయిందట. ఇంకేముంది, ఆ ముసలాయన చెయ్యి మంచిదని ఊరంతా పాకింది. నాలుగో సంతకు షావుకార్ల ఇళ్ల కోడళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని మా చాప ముందు వరస కట్టారు. వాళ్లకు గంపల్లేవు, కోళ్లూ లేవు. చుక్క కావాలి, అంతే. అసలు సంగతి తెలిసేసరికి మా మామగారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. మానేద్దామంటే పిల్లలు కలిసిపోతారు, పెడదామంటే దిష్టి. బైబిలమ్మను అడిగితే, బొగ్గు మనది, నమ్మకం వాళ్లది, పిల్ల మాత్రం ఇద్దరిదీ అని చెప్పి మళ్లీ దొర్లింది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. అందులో పెద్దయ్యగారి రాకడ కూడా చేర్చాలి. ఫలానా రోజని కబురు పంపి, దారిలో మబ్బులు చూసి భయపడి ముందే బండి తోలించుకుని వచ్చేశారు. వచ్చింది సంతరోజున. మందిరానికి తాళం. ఊళ్లో క్రైస్తవుల ఇళ్లన్నీ ఖాళీ. తాళం తానే వేయిద్దామని వచ్చిన మనిషికి తాళం వేసి ఉన్న మందిరం ఎదురైంది. ఎవరో మద్దిచెట్టు వైపు చెయ్యి చూపించారు. తెల్లకోటు వేసుకుని, ఎండలో నడిచి ఆయన వచ్చేసరికి మా సంఘపెద్ద ఒక షావుకారు మనవడి అరికాలు ఒళ్లో పెట్టుకుని, నాలుక బయటపెట్టి ఏకాగ్రతగా చుక్క దిద్దుతున్నాడు.

అయిపోయింది, ఈమెను ఇవాళే బండెక్కిస్తారు అనుకున్నాను. పెద్దయ్యగారి మొహం కందగడ్డ అయింది. "పెద్దలు మీరే ఈ పని చేయుచున్నారా? ఇది సంఘమా, మంత్రగాళ్ల పీటా?" అన్నారు. మా మామగారు నోరు తెరిచాడు, దుంగ అన్నాడు, ముద్ర అన్నాడు, ఆగిపోయాడు. బైబిలమ్మ లేచి, చేతులు కట్టుకుని, జవాబు చెప్పబోయింది. చెప్పనే లేదు. ఎందుకంటే ఆలోపే ఒక దోర్ల తల్లి గంపతో హడావిడిగా వచ్చింది. మా ఒళ్లన్నీ నిండి ఉన్నాయి. ఆమెకు రెండు ఖాళీ చేతులు కనిపించాయి. కోటు ఏ రంగుదైనా ఆమెకేం. పిల్లను పెద్దయ్యగారి చేతుల్లో పెట్టి, గంపను చాప మీద దించి ఉప్పు కొట్టు వైపు పోయింది.

ఆ పిల్ల ఆయన గడ్డం చూసి ఏడుపు లంకించుకోవాల్సింది. బదులుగా గుప్పెడు గడ్డం పట్టుకుని, ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పట్టు మాత్రం వదల్లేదు. గట్టిగా మాట్లాడితే లేస్తుంది. ఆయన మెల్లగా చాప మీద కూర్చున్నారు. మా మామగారు అలవాటు కొద్దీ చిప్ప పట్టుకుని జరిగి, ఆ పిల్ల అరికాల్లో మూడు చుక్కలు, గంపకు మూడు చుక్కలు పెట్టేశాడు. కాలు కోటుకు తగిలి మూడు చుక్కలూ కోటు మీద పడ్డాయి. నేను బైబిలమ్మ వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం చచ్చేవాళ్లం.

పొద్దు వాలేదాకా ఆయన అక్కడే కూర్చున్నారు. తల్లులు రావడం, చుక్కలు చూసుకోవడం, పిల్లల్ని తీసుకుపోవడం, చాప మీద ఇంత సారపప్పో రెండు తునికి పళ్లో వదిలిపోవడం అన్నీ చూశారు. తన పిల్ల కోసం వచ్చిన తల్లి ఆ కోటు మీది చుక్కలు చూసి, తన గంప చూసుకుని, గడ్డంలోంచి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పిల్లను ఎత్తుకుంది. ఆయన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రమే మందిరం తాళం తీసి కూర్చున్నాం. పెద్దయ్యగారు లేచి, ఈ సంఘానికి దాని పని దొరికిందన్నారు. మందిరం తెరిచే ఉంటుందన్నారు. దిష్టి సంగతి ప్రభువు చూసుకుంటాడని గొణిగారు. మా మామగారు హల్లెలూయా అన్నాడు. నేను ఎగిరి గంతేయబోయాను. అప్పుడు ఆయన, కనుక బైబిలమ్మకు ఇక్కడ పని పూర్తయింది, ఎర్రబోరు వైపు ఇంకో సంఘం ఏం చేయాలో తెలియక కొట్టుకుంటోంది, వానలకు ముందే ఆమె అక్కడికి చేరాలి అన్నారు.

సభలో ఎన్నడూ నోరెత్తని దాన్ని, లేచి నిలబడ్డాను.

"పని దొరక్కున్నా తీస్కపోతరు, దొరికినా తీస్కపోతరు. ఇదేం న్యాయం అయ్యగారూ?"

మామగారు నన్ను వింతగా చూశాడు. బైబిలమ్మ ఒక్కతే నవ్వింది. ఈసారి ముందు నవ్వి, చాలాసేపటికి గానీ మాట చెప్పలేదు.

"పిల్లకు నోరొచ్చింది. ఇగ నాతోటి ఏం పని?"

బయటికొచ్చాక ఆమె చెయ్యి పట్టుకుని నిలదీశాను. పని దొరికితే పంపించేస్తారని నీకు ముందే తెలుసా అని అడిగాను. తెల్వకేం పిల్లా అంది. పొయ్యి రాజుకున్నంక ఊదుడు గొట్టం చూరుల వెట్టాలె గదా అంది. నాకు కోపం వచ్చింది. ఇంత తెలిసీ మద్దిచెట్టు కింద అలా దొర్లి నవ్వింది ఈమెనా అని.

ఆమెను సాగనంపడానికి ఆడవాళ్లం పెద్ద ఏర్పాటే చేసుకున్నాం. ఊరి పొలిమేర దాకా పాటలు పాడుతూ పోవాలి, పూలదండ వేయాలి, నేను ఆమెను కావలించుకుని తనివితీరా ఏడవాలి. ఆమె మాత్రం బయల్దేరడానికి సంతరోజే కావాలని పట్టుబట్టింది. ఆ రోజే బండి దొరుకుతుందని చెప్పింది. మేం నమ్మాం.

పొద్దెక్కాక ఆమె గొడుగు పట్టుకుని మద్దిచెట్టు దారినే వచ్చింది. అప్పటికి సంత నిండిపోయింది. నా ఒళ్లో ఒక పిల్ల, భుజాన ఒక పిల్ల, కాలికి కట్టిన మేక. పక్కనున్న ఆడవాళ్లందరిదీ అదే పరిస్థితి. మామగారు చుక్కల మధ్యలో ఉన్నాడు. లేచి నిలబడగలిగిన మనిషి మాలో ఒక్కరూ లేరు. అప్పుడర్థమైంది ఈమె ఈ రోజే ఎందుకు కావాలందో. ఆమె మా చాప ముందు ఆగి, కళ్లు తెరుచుకునే, ఒక్కొక్కరినీ చూస్తూ ప్రార్థన చేసింది. నా దగ్గరికొచ్చేసరికి నవ్వేసింది. ముందు నవ్వితే తర్వాత మాట రావాలి కదా, ఏం చెబుతుందోనని మెడ చాచి చూస్తున్నాను. ఏమీ చెప్పలేదు. నవ్వుతూనే బండెక్కి, ఎర్రటి దుమ్ములో పోయింది. కళ్లు తుడుచుకుందామంటే నాకు ఒక్క చెయ్యీ ఖాళీ లేదు.